కటుకరోహిణి, హిమాలయ యూ చెట్టు: తేడాలు, సాగులో జాగ్రత్తలు

ఆయుర్వేద దుకాణాల్లో అమ్మే కటుకరోహిణి, క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌కు ముడిసరుకునిచ్చే యూ చెట్టు రెండూ హిమాలయాల్లో పెరుగుతాయి. రెండూ అడవిలో తగ్గిపోతున్నాయి. 'మంచి ధర ఉంది, మొక్కలు కొనండి' అని ఎవరైనా చెబితే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ఎక్కడ పెరుగుతాయి?

కటుకరోహిణి జానెడు ఎత్తు పెరిగే బహువార్షిక మొక్క. సముద్ర మట్టానికి సుమారు 3,000 మీటర్ల పైన, పచ్చిక బయళ్లలో, రాళ్ల సందుల్లో ఉంటుంది. వేసవిలో ఊదారంగు పూల కంకులు వేస్తుంది.

యూ సతత హరిత వృక్షం. సుమారు 1,800 నుంచి 3,300 మీటర్ల ఎత్తులో, చల్లని నీడ అడవుల్లో పెరుగుతుంది. దేవదారు, పైన్ చెట్ల వర్గానిదే అయినా దీనికి గట్టి కాయలు ఉండవు. గింజ చుట్టూ ఎర్రని కండ ఉంటుంది. ఆడ, మగ చెట్లు వేరు.

ఎందుకు తగ్గుతున్నాయి?

* కటుకరోహిణిలో మందు వేరు, దుంపకాండంలో ఉంటుంది. తవ్వితే మొక్క పోతుంది.
* యూ బెరడును చుట్టూ ఒలిస్తే చెట్టు చనిపోతుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి లోటు త్వరగా తీరదు.

అందుకే అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో యూను 1995లో, కటుకరోహిణిని 1997లో చేర్చారు.

సాగులో తేడా

కటుకరోహిణిని దుంపకాండం ముక్కలతో నాటితే దాదాపు మూడేళ్లకు తవ్వుకోవచ్చు. కొన్ని ముక్కలను మళ్లీ నాటుకుంటే పంట కొనసాగుతుంది. ఉత్తరాఖండ్ కొండ రైతులు దీన్ని సాగు చేస్తున్నారు. యూ గింజ మొలకెత్తడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. అందుకే కొమ్మ కత్తిరింపులతో పెంచుతారు. బెరడు ముట్టుకోకుండా ఆకులు మాత్రమే కోస్తే చెట్టు నిలుస్తుంది.

మన రైతులకు సూచనలు

* అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లే. అక్కడి చలి కూడా ఈ రెండింటికీ చాలదు. మైదానాల్లో మొక్కలు కొని డబ్బు పోగొట్టుకోవద్దు.
* యూ ఆకులు, బెరడు, గింజలు పశువులకూ మనుషులకూ విషం. ఇంట్లో కషాయం కాచవద్దు.
* ఔషధ పంట వేయాలనుకుంటే నేలవేము, అశ్వగంధ వంటివి మన వాతావరణానికి అనుకూలం. కొనేవారు ఎవరో, ధర ఎంతో రాతపూర్వకంగా ఖాయం చేసుకున్నాకే నాటండి.