పెరట్లో విల్లు సాధన: టార్గెట్ ఫ్రేమ్ కట్టుకోవడం, బాగుచేసుకోవడం

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. ఇవి చూసిన పిల్లలు "నాకూ విల్లు కొనిపెట్టు" అని అడగడంలో వింతేమీ లేదు. కొన్నాక వచ్చే ప్రశ్న ఒకటే: పెరట్లో ఎక్కడ పెట్టాలి, దేనికి కట్టాలి? టార్నీట్ లాంటి చోట ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేది విల్లు కన్నా ముందు దాని ఎదుట నిలబెట్టే చెక్క ఫ్రేమ్. దాన్ని కట్టే పద్ధతి, కాపాడుకునే పద్ధతి ఒకచోట దొరికితే ఉపయోగమని ఈ వ్యాసం.

ముందు చట్టం సంగతి

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ చిన్నప్పుడు బేగంపేట ఇంటి పెరట్లో ఎయిర్ పిస్టల్‌తో బెలూన్లు కొడుతూ నేర్చుకున్నాడని చదివే ఉంటారు. 2006లో ఇదే మెల్‌బోర్న్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో ఆయన నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. కానీ బేగంపేట పెరట్లో చేసినది టార్నీట్ పెరట్లో చేయడానికి వీల్లేదు.

విక్టోరియా రాష్ట్రంలో ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు. ఫైర్ఆర్మ్స్ యాక్ట్ 1996 ప్రకారం అది కేటగిరీ ఎ తుపాకీ. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, తాళం వేసిన భద్రమైన పెట్టె కావాలి. ఎయిర్ పిస్టల్ అయితే హ్యాండ్‌గన్ లెక్కలోకి వస్తుంది, నిబంధనలు ఇంకా గట్టివి. ఇండియాలో లైసెన్సు లేకుండా దొరికే ఎయిర్‌గన్‌ను సూట్‌కేసులో తెచ్చినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా నేరమే. క్వీన్స్‌ల్యాండ్‌లో మామూలుగా అమ్మే జెల్ బ్లాస్టర్లు కూడా ఇక్కడ అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. బ్రిస్బేన్ నుంచి ఇల్లు మారి వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. క్రాస్‌బో కూడా నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది. పిల్లలకు తుపాకీ గురి మీదే ఆసక్తి ఉంటే అనుమతి ఉన్న రేంజికే తీసుకెళ్ళాలి. మన వైపు లిటిల్ రివర్‌లో ఈగిల్ పార్క్ రేంజ్ ఉంది. జూనియర్ లైసెన్సు 12 ఏళ్ళ నుంచి ఇస్తారు.

మామూలు విల్లుకు లైసెన్సు అక్కర్లేదు. అంత మాత్రాన అడిగేవాళ్ళు లేరనుకోవద్దు. ఎదుటివారి ప్రాణానికి, శరీరానికి ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యంగా ప్రవర్తించడం క్రైమ్స్ యాక్ట్ 1958 కింద నేరం. బాణం కంచె దాటితే మాట్లాడేది ఆ చట్టమే. అద్దె ఇల్లయితే యజమానిని, సొంత ఇల్లయితే ఇన్సూరెన్స్ కంపెనీని, ఏదైనా సందేహం ఉంటే విండమ్ కౌన్సిల్‌ను ముందే అడగడం మంచిది.

బాణం బలం ఎంత?

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుండు అర గ్రాము పైచిలుకు ఉంటుంది, సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పోతుంది. దాని గతిశక్తి 7, 8 జౌళ్ళు. 15 గ్రాముల బాణం పిల్లల విల్లు నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో వెళ్తే దాదాపు 7 జౌళ్ళు. అంటే రెండూ సమానం. పెద్దల విల్లు నుంచి 20 గ్రాముల బాణం 45 మీటర్ల వేగంతో వెళ్తే 20 జౌళ్ళు. లైసెన్సు అడగని వస్తువు, లైసెన్సు అడిగే వస్తువు కన్నా రెండున్నర రెట్లు బలంగా తాకుతుందన్నమాట. మన కంచెల పలక చెక్క దీన్ని ఆపుతుందని నమ్మకం లేదు.

అందుకే ఇంట్లో సాధనకు ఒకే సూత్రం: టార్గెట్ పెద్దది, దూరం చిన్నది. 90 సెంటీమీటర్ల వెడల్పున్న ఫోమ్ దిమ్మ మధ్యకు గురిపెట్టి 4 మీటర్ల దగ్గర నిలబడితే, గురి పక్కకు 6 డిగ్రీలు తప్పినా బాణం దిమ్మలోనే పడుతుంది. అదే దిమ్మకు 18 మీటర్ల దూరంలో నిలబడితే ఒకటిన్నర డిగ్రీ తప్పినా బయటకు పోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లల చేయి ఒకటిన్నర డిగ్రీ తప్పడం రోజూ జరిగేదే. శిక్షకులు కూడా దగ్గర నుంచి, రంగు వలయాల కాగితం లేకుండా ఉత్త దిమ్మకు వేయిస్తారు. భుజం, మోచేయి, వేళ్ళు కుదురుకోవడానికి అదే మంచి సాధన. దూరం క్లబ్బులో, దగ్గర ఇంట్లో అని పంచుకుంటే రెండూ సాగుతాయి. క్లబ్బుల వివరాలు ఆర్చరీ విక్టోరియా దగ్గర దొరుకుతాయి.

ఫ్రేమ్ కొలతలు

ఈ కొలతలు 90×90 సెం.మీ., 20 సెం.మీ. మందం ఉన్న ఫోమ్ దిమ్మకు, 20 పౌండ్ల లోపు విల్లుకు సరిపోతాయి. దిమ్మ కొనేటప్పుడు ఎన్ని పౌండ్ల విల్లు దాకా ఆపుతుందో దాని మీద చూసి తీసుకోండి.

కావలసినవి: 90×45 మి.మీ. ట్రీటెడ్ పైన్ చెక్క, 3 మీటర్లవి నాలుగు. 120 మి.మీ. పొడవున్న ఎం10 గాల్వనైజ్డ్ బోల్టులు నాలుగు, వాటికి వాషర్లు, వదులు కాని నైలాక్ నట్లు. 100 మి.మీ. బ్యాటెన్ స్క్రూలు పన్నెండు, అరపలకలకు 75 మి.మీ.వి ఎనిమిది. బలమైన గేటు హింజ్ ఒకటి, ఒక మీటరు గొలుసు, పాత రబ్బరు మ్యాట్ ముక్కలు.

కోయవలసినవి: ముందు కాళ్ళు 1.8 మీటర్లవి రెండు, వెనక కాలు 1.9 మీటర్లది ఒకటి, అడ్డపట్టీలు 80 సెం.మీ.వి మూడు, చేతులు 40 సెం.మీ.వి రెండు, అరపలకలు 89 సెం.మీ.వి రెండు.

కట్టే వరస ఇది. ముందు కాళ్ళు రెండిటినీ బయటి అంచు నుంచి బయటి అంచుకు 80 సెం.మీ. ఉండేలా నేల మీద పరచండి. చెక్క 90 మి.మీ. వైపు ముందు నుంచి వెనక్కి ఉండాలి. అడ్డపట్టీలు పైన, మధ్యన, కింద, మూడూ కాళ్ళ వెనక వైపే బిగించండి. ఒక్కో జాయింటుకు రెండు స్క్రూలు. పై పట్టీ మధ్యలో హింజ్‌తో వెనక కాలు తగిలించండి. అది ఎక్కువ విచ్చుకోకుండా కింద గొలుసు కట్టండి. చేతులు రెండూ కాళ్ళ బయటి పక్కన, కాలికి సరిగ్గా లంబంగా, ఒక్కోదానికి రెండు బోల్టులతో బిగించండి. చేయి ముందుకు 22 సెం.మీ. పొడుచుకు రావాలి. వాటి మీద రెండు అరపలకలు, మధ్యలో 2 సెం.మీ. సందు వదిలి. వాన నీళ్ళు ఆ సందులోంచి పోతాయి.

ఎత్తు విషయం. ప్రపంచ పోటీల నియమం ప్రకారం టార్గెట్ కేంద్రం నేల నుంచి 130 సెం.మీ. ఉండాలి. 90 సెం.మీ. దిమ్మకు అరపలక పైభాగం 85 సెం.మీ. దగ్గర వస్తుంది. చిన్నపిల్లలకు దగ్గర సాధనలో కేంద్రం వాళ్ళ భుజం ఎత్తులో ఉండటం మేలు. 50 సెం.మీ. దగ్గర కూడా బోల్టు రంధ్రాలు వేసి ఉంచితే, పిల్లలు పెరిగేకొద్దీ చేతులు పైకి మార్చుకోవచ్చు.

ఫ్రేమ్ 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలాలి. అంటే కాలి పైకొస కింది కొస కన్నా సుమారు 30 నుంచి 45 సెం.మీ. వెనక ఉంటుంది. దిమ్మ తన బరువుతో తానే వెనక్కి ఆనుకుంటుంది. దిమ్మ పట్టీలకు తాడు వేసి మధ్య అడ్డపట్టీకి కూడా కట్టండి.

ఈ డిజైన్‌లో ముఖ్యమైన విషయం: ముందు నుంచి చూస్తే దిమ్మ పక్కల చెక్కగానీ ఇనుముగానీ కనబడదు. కాళ్ళు, చేతులు అన్నీ దిమ్మ వెడల్పు లోపలే దాక్కుంటాయి. దగ్గర నుంచి వేసిన బాణం గట్టి చెక్కకు తగిలితే వెనక్కి ఎగిరి వేసినవాళ్ళ మీదికే రావచ్చు. కింద కనబడే అరపలక అంచుకు, చేతుల కొసలకు, కాళ్ళ ముందు వైపుకు రబ్బరు మ్యాట్ తొడగండి. సాధన చేసేవాళ్ళు కళ్ళజోడు పెట్టుకోవడం అలవాటు చేయండి.

చెక్క ఎంపిక

బయట వానలో ఉండే చెక్కకు కనీసం హెచ్3 గుర్తు ఉండాలి. మట్టిలో పాతేదయితే హెచ్4. మనం పాతడం లేదు కాబట్టి హెచ్3 చాలు, కానీ కాళ్ళ కింద పేవర్ రాళ్ళు వేయాలి. కోసిన కొసలకు కొట్లో దొరికే ప్రిజర్వేటివ్ రెండు పూతలు పూయండి. మందు చెక్క లోపలిదాకా పట్టదు, కోసిన చోట పచ్చి చెక్క బయటపడుతుంది.

కొన్ని ట్రీటెడ్ చెక్కల్లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందు ఉంటుంది. 2006 నుంచి ఆస్ట్రేలియాలో పిల్లల ఆట సామాన్లు, తోట బల్లలు, డెక్కుల వంటి వాటికి ఆ మందు వాడకుండా ఆపారు. లేబుల్ చూసి సీసీఏ లేనిది అడగండి. ఏ ట్రీటెడ్ చెక్కయినా మాస్కు, గ్లవ్స్ వేసుకుని బయట కోయండి. రంపపు పొట్టు కరివేపాకు కుండీలో వేయొద్దు. ముక్కలు బార్బెక్యూలోగానీ భోగి మంటలోగానీ వేయొద్దు, పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది. ఉచితంగా దొరికే ప్యాలెట్ చెక్క వాడాలంటే దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, పరవాలేదు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది, వదిలేయండి.

గాలి, నేల

టార్నీట్ గాలి గురించి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. గంటకు 60 కిలోమీటర్ల గాలి 90×90 సెం.మీ. దిమ్మను సుమారు 16 కిలోల బలంతో నెడుతుంది. ఫ్రేమ్ పడిపోవడానికి అది చాలు. మేకులు కొడదామంటే మన బంకమట్టి వేసవిలో రాయిలా గట్టిపడి పగుళ్ళిస్తుంది, చలికాలంలో నాని ఉబ్బి మేకును వదిలేస్తుంది. అందుకని ఇసుక బస్తాలే నయం: ముందు కాళ్ళ మీద 20 కిలోలవి రెండు, వెనక కాలి మీద ఒకటి. సాధన అయ్యాక దిమ్మ దింపి గరాజ్‌లో పెడితే గాలి భయం ఉండదు, ఎండకు ఫోమ్ పెళుసెక్కదు.

ఫ్రేమ్ వెనక బాణాలు ఆపే ఆర్చరీ నెట్ కట్టండి. అది బిగుతుగా కాకుండా వదులుగా వేలాడాలి. వదులు నెట్ బాణం వేగాన్ని మెల్లగా తగ్గిస్తుంది, బిగుతు నెట్‌ను బాణం చీల్చుకుపోతుంది. పక్కింటి వైపు, నడిచే దారి వైపు ముఖం పెట్టొద్దు. పక్క గేటుకు తాళం వేశాకే విల్లు బయటకు తీయాలి. పెద్దవాళ్ళు ఒకరు పక్కన లేకుండా పిల్లలు వేయకూడదు.

రిపేర్లు

నెలకొకసారి పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

బోల్టులు: వేసవిలో చెక్క ఎండి కుంచించుకుపోతుంది, నట్లు వదులవుతాయి. స్పానర్‌తో అన్నీ ఒకసారి బిగించండి.

కాళ్ళ అడుగులు: ముందు పాడయ్యేది ఇక్కడే. స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూడండి. మెత్తగా అర సెంటీమీటరు దిగిందంటే పుచ్చు పట్టినట్టే. గట్టి చెక్క వచ్చేదాకా కోసేసి, అంతే పొడవు కొత్త ముక్క పెట్టి, పక్కన 40 సెం.మీ. చెక్క ఆనించి అతుకుకు అటు ఒకటి ఇటు ఒకటి బోల్టులు వేయండి. పైకి రంగు పూసి కప్పితే లోపల పుచ్చు ఆగదు.

బోల్టు రంధ్రం దగ్గర చీలిక: చిన్నదైతే బయట వాడే చెక్క జిగురు పట్టించి, క్లాంపుతో ఒక రోజు బిగించి ఉంచండి. కొత్త రంధ్రం చెక్క కొసకు 7 సెం.మీ. కన్నా దగ్గరగా వేయొద్దు, మళ్ళీ అక్కడే చీలుతుంది. వెనక కాలు చీలితే మాత్రం అతకొద్దు, మార్చేయండి. ఫ్రేమ్ వెనక్కి పడకుండా ఆపేది అదే.

చెక్కలో ఇరుక్కున్న బాణం మొన: చేత్తో లాగొద్దు. కార్బన్ బాణం విరిగితే సూదుల్లాంటి పోగులు వేళ్ళలో దిగుతాయి. గ్లవ్స్ వేసుకుని పట్టకారుతో తీయండి. పగుళ్ళు కనిపించిన బాణాన్ని మళ్ళీ వేయొద్దు.

దిమ్మ: మధ్య భాగం ముందు గుల్లబారుతుంది. పొరలతో చేసిన దిమ్మయితే పట్టీలు విప్పి, పైనా కిందా ఉన్న పొరలు మధ్యకు మార్చి మళ్ళీ బిగించండి. లోపల విరిగిన మొనలు మిగిలి ఉన్నాయేమో చూడండి. బాణం మొన దిమ్మ వెనక నుంచి బయటకు కనిపించిన రోజే సాధన ఆపాలి. "ఇంకో వారం చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

చివరిగా, ప్రతిసారీ మొదటి బాణానికి ముందు ఫ్రేమ్ పైకొస పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. కిర్రుమన్నా, కాలు లేచినా ముందు ఫ్రేమ్ సంగతి చూడండి, విల్లు తర్వాత. ఈ అలవాటు పిల్లల చేతే చేయించండి. గురి కుదరడానికి ఏళ్ళు పడుతుంది, జాగ్రత్త మొదటి రోజు నుంచే ఉండాలి.