సముద్రపు మిరియం

శ్రీనాథుడికి మిరపకాయ తెలియదు. పలనాటి జొన్నకూడు మీద ఆయన ఎంత విసుక్కున్నాడో ఆయన పేరు మీద తిరిగే చాటువులు చెబుతాయి. ఆ కూట్లోకి కాస్త ఎర్రకారం, నూనె చుక్క పెట్టి ఉంటే ఏమనేవాడో మాత్రం తెలిసే దారి లేదు. కొలంబస్ ఓడెక్కింది 1492లో, అప్పటికి శ్రీనాథుడు పోయి దశాబ్దాలు. పల్నాటి యుద్ధం ఇంకా పాతది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు... వీళ్లలో ఎవరి నాలుకా మిరపకారానికి మండలేదు. "మా పౌరుషమంతా కారంలోనే ఉంది" అనే మా వైపు వాళ్లకి ఈ సంగతి చెబితే మొహాలు మాడతాయి. అప్పట్లో ఘాటు అంటే మిరియాలు, అల్లం, ఆవాలు. అంతే.

పేరులోనే గుట్టు ఉంది. మిరియపు కాయ, మిరపకాయ అయింది. 1500ల్లో పోర్చుగీసు వాళ్లు అమెరికా ఖండం నుంచి గోవాకి తెచ్చిన ఈ కొత్త కాయకి మనవాళ్లు కొత్త పేరు వెతకలేదు. పాత ఘాటు పేరే తగిలించి ఇంట్లోకి రానిచ్చారు.

సరిగ్గా ఇదే పని చైనా వాళ్లూ చేశారని నాకు ఒక భోజనం దగ్గర తెలిసింది. సింగపూర్ చైనాటౌన్‌లో సిచువాన్ వంటల హోటల్. నలుగురం, ఇద్దరిది నరసరావుపేట, ఒకడిది ఒంగోలు. మెనూలో ప్రతి వంట పక్కనా మిరపకాయ బొమ్మలు. మా వాళ్లు మూడు బొమ్మలున్నవే ఏరి మరీ చెప్పారు. "స్పైసీ ఓకేనా?" అని వడ్డించే ఆవిడ రెండుసార్లు అడిగింది. "ఆంటీ, మాది గుంటూరు" అన్నాడు ఒకడు, ఆవిడకి ఆ మాటతో ఏదో అర్థమవుతుందన్నట్టు.

వచ్చింది లాజీజీ. ఎండుమిరపకాయల కుప్ప, అందులో అక్కడక్కడా వెతుక్కోవాల్సిన కోడి ముక్కలు. ఒంగోలు వాడు కాయల్తో సహా నోట్లో పెట్టుకోబోతే ఆవిడ పరిగెత్తుకొచ్చి చేతులూపింది. కాయలు తినరట! వాసన కోసమట! "తిననప్పుడు ఇన్ని ఎందుకు వేసినట్టు రా?" అని వాడు నిజంగానే బాధపడ్డాడు. ఇంతలో పెదాలు తిమ్మిరెక్కాయి. అది మన కారం కాదు, హ్వాజియావ్ అనే వాళ్ల పాత దినుసు పని. తిమ్మిరిని 'మా' అంటారు, మంటని 'లా'. రెండూ కలిస్తే మాలా. మంటకి మేం పుట్టుకతోనే సిద్ధం గానీ తిమ్మిరికి ఎవరూ చెప్పలేదు. మాటలు తడబడ్డాయి, నీళ్లు తాగినా ఏదో లోహం రుచి.

ఆ 'జియావ్' దగ్గరే ఉంది విశేషం. చైనాలో ముందునుంచీ ఉన్న ఘాటు దినుసు పేరు అది. మిరియాలు వస్తే వాటినీ ఒక రకం జియావ్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన మిరపకాయని లాజియావ్, అంటే మండే జియావ్ అన్నారు. సిచువాన్‌లో హైజియావ్ అని కూడా అంటారు. సముద్రపు మిరియం! కాయ ఓడలో వచ్చిందన్న సంగతి వాళ్ల మాట దాచుకుంది, మన మాట మరిచిపోయింది.

చైనా పుస్తకాల్లో మిరప మొదట కనబడేది 1591లో. హాంగ్‌జౌకి చెందిన గావ్ లియెన్ అనే రచయిత దాన్ని పూలమొక్కల వరసలో పెట్టాడు: తెల్లపూలు, అరిగిపోయిన కుంచె మొనలాంటి ఎర్రకాయలు, చూడ్డానికి బావుంటాయని. వంటలోకి ఎక్కడం తర్వాతి మాట, అదీ డబ్బున్న ఇళ్లలో కాదు. ఉప్పు దొరకని గ్వీజౌ కొండల్లో స్థానిక తెగలవాళ్లు ఉప్పుకి బదులు మిరప వాడుతున్నారని 1720ల నాటి స్థానిక చరిత్ర ఒకటి రాసింది.

అది చదివినప్పుడు నాకు గొడ్డుకారం గుర్తొచ్చింది. కూర లేని రోజు అన్నంలో కలుపుకునే ఉత్త కారం. "గొడ్డుకారం మెతుకులు తిని బతికాం" అని మా అమ్మమ్మ తరం చెప్పుకున్నది రుచి సంగతి కాదు, లేమి సంగతి. ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో దాన్ని నెయ్యితో, చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి అమ్ముతున్నారు. నాకేం అభ్యంతరం లేదు, నేనూ తింటాను. కానీ గుంటూరు కారం అన్న గర్వం వెనకాల పప్పు కొనలేని వంటిళ్లు చాలా ఉన్నాయి.

(మా చిన్నప్పుడు గుంటూరులో చైనీస్ అంటే వేరే లెండి. సాయంత్రం బండి మీద గోబీ మంచూరియా. మంచూరియాని 1975లో బొంబాయిలో కలకత్తా నుంచి వచ్చిన నెల్సన్ వాంగ్ పుట్టించాడంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే, సోయా సాస్ ఒక్కటే వాళ్లది.)

ఆ రాత్రి నరసరావుపేట వాడు కుప్పలోంచి ఒక కాయ తీసి లైటుకి పెట్టి చూశాడు. "ఇది తేజ రా. మా నాన్న వేసేదే" అన్నాడు. చైనా కూడా సన్నకాయ బోలెడు పండిస్తుంది కాబట్టి ఆ గిన్నెలో అది తేలే విషయం కాదు. కానీ మాట గాలిలోంచి రాలేదు. ఘాటు ఎక్కువని తేజ రకాన్ని చైనా వ్యాపారులు అడిగి మరీ కొంటారు. వాళ్లు కొంటున్నారంటే గుంటూరు యార్డులో పాట లేస్తుంది, ఆగారంటే టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే నిద్రపోతాయి.

మా నేలకి దూరదేశపు గిరాకీ కొత్త కాదు. 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం వస్తే లాంకషైర్ మిల్లులకి మద్రాసు రాష్ట్రపు పత్తి కావాల్సి వచ్చింది, యుద్ధం ఆగగానే ధర కూలింది. గుంటూరు పత్తిని బజార్లో 'కోకనాడ' అనేవాళ్లు, ఎక్కించిన రేవు పేరుతో. పండించిన ఊరి పేరు కూడా దక్కలేదు. 1987లో తెల్లదోమ పత్తిని తినేస్తే ప్రకాశం, గుంటూరు రైతులు దోమకి కొట్టాల్సిన మందు తామే తాగారు. 2017లో మిర్చి ధర ఎంత పడిందంటే, క్వింటాలు 5,000 రూపాయలకి కొనిపిస్తామని కేంద్రం ముందుకు రావాల్సి వచ్చింది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతనే పట్టుకుంది. సొంత పొలం వాడు ఎలాగో ఈదాడు, కౌలు ముందే కట్టినవాడు మునిగాడు.

ఎగుమతికి తొడిమ తీసిన కాయకి ధర వేరు. ఆ తొడిమ తీసేది ఆడవాళ్లు, కిలోల లెక్కన కూలికి. గుంటూరు చుట్టూ షెడ్లలో, ముక్కుకీ నోటికీ కొంగు చుట్టుకుని, పొద్దుగూకేదాకా కూర్చుంటారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే కొందరు చెంచాతో తింటారు. ఇంటికెళ్లాక చంటిపిల్లని ఎత్తుకోవాలంటే చేతులు ఒకసారి కడిగితే చాలదని మా ఊరావిడ చెప్పింది. సబ్బు పెట్టి మూడుసార్లు కడుక్కుని, అప్పటికీ పైట అడ్డం పెట్టి ఎత్తుకుంటుందట.