గంజి నుంచి కూలికి

ధాత కరువు (1876-78) మన మైసూరు సీమను ఊడ్చేసింది. 1871లో 50 లక్షలు దాటిన జనాభా 1881కి 42 లక్షల లోపుకు పడిపోయింది. మన బట్లహళ్ళి అప్పటి కోలారు జిల్లాలోదే.

మొదట సర్కారు గంజి కేంద్రాలు నడిపింది. 1877 సెప్టెంబరులో వైస్రాయ్ లిట్టన్ వచ్చాక, కరువు కమిషనర్ ఇలియట్ పద్ధతి మార్చాడు: సత్తువ ఉన్నవాళ్ళు గంజి మాని పెద్ద పనులకు పోవాలి. బెంగళూరు-మైసూరు రైలుదారి మట్టిపని అలాంటిదే. ఇల్లు విడిచి, పని దగ్గరే గుడిసెల్లో ఉండాలి. ఒళ్ళు చిక్కినవాళ్ళకు అది ఎంత కష్టం!

ఇలియట్ కార్యదర్శిగా ఉన్న కరువు కమిషన్ 1880లో చెప్పింది: సత్తువ పోకముందే పని చూపాలి, చేయలేనివాళ్ళకు ఊళ్ళోనే తిండి పెట్టాలి.

ఇవాళ రేకుల షెడ్లలో ఉంటూ పనికి పోయే కుటుంబాలకు మన సంఘం సాయం చేసేటప్పుడు, పని దొరికిన రోజే చెయ్యి తీసేయొద్దు. మొదటి కూలి చేతికొచ్చి, ఉండే చోటు కుదిరేదాకా వాళ్ళతో నిలబడదాం.