షోలాపురపు తెలుగు బీడీ కార్మికులు: యజమాని యెవరను ప్రశ్న

పని యిచ్చువాడెవడు, పని చేయువాడెవడు అను రెండు ప్రశ్నలు తేలినగాని ఏ కార్మికచట్టమును అక్కరకు రాదు. మిల్లులో నీ ప్రశ్నలు అరుదుగా పుట్టును. ఇల్లే కార్ఖానా యైనచోట మాత్రము బ్రతుకుదెరువంతయు వానిపైననే ఆధారపడును. మహారాష్ట్రమందలి షోలాపురమున స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్ర ఇందులకు తార్కాణము.

కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలీలు తరతరములుగా షోలాపురమునకు తరలిపోయిరి. 1877లో అచట నూలుమిల్లు నెలకొనిన పిదప బ్రతుకుదెరువునకు క్రొత్త త్రోవలు తెరచుకొనెను. పురుషులు మగ్గములను, మిల్లులను ఆశ్రయింపగా, స్త్రీలలో పెక్కురు బీడీలు చుట్టుటకు పూనుకొనిరి. తునికాకు, పొగాకు, దారము తెచ్చుకొని, ఆకును తడిపి, కొలతకు కత్తిరించి, చుట్టి, కట్టలుగట్టి అప్పగించుట వారి పని. వేయి బీడీలకింత యని కూలి. బాగులేవని త్రోసివేసినవానికి కూలి దక్కదు. ఇచ్చిన ఆకు చాలనిచో నష్టము చుట్టినవారిదే.

యజమానికిని కార్మికురాలికిని నడుమ గుత్తదారు నిలుచుటయే అసలు చిక్కు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారమున పనిచేయువారికి రక్షణ కల్పించెను. అయితే 1958లో, మధ్యప్రదేశమునుండి వచ్చిన చింతామన్ రావు వ్యాజ్యమున, స్వతంత్రముగా బీడీలు చేయించి అప్పగించు గుత్తదారులుగాని, వారి కూలీలుగాని ఆ చట్టము ననుసరించి కార్ఖానా కార్మికులు కారని సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఇంటియొద్ద చుట్టువారి స్థితి ఎంత నిరాధారమో దీనివలన స్పష్టమయ్యెను.

ఈ లోపమును 1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టము తీర్చెను. ముడిసరుకు తీసికొని ఇంటియొద్ద పనిచేయువారిని గూడ అది ఉద్యోగులుగా నిర్వచించెను. గుత్తదారు వెనుకనున్న అసలు యజమానిని బాధ్యుని జేసెను. ఆరుమాసములు పనిచేసినవారిని తగిన కారణము లేకుండను, నెలదినముల నోటీసుగాని దానికి బదులు వేతనముగాని ఈయకుండను తొలగింపరాదనెను. ఇరువది దినముల పనికి ఒక దినము చొప్పున వేతనముతో సెలవు నిర్ణయించెను. యజమానులు సవాలు చేయగా, 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ చట్టమును నిలబెట్టెను. ఇంటిపనివారికిని భవిష్యనిధి వర్తించునని 1985లో మరియొక తీర్పు వెలువడెను.

2025 నవంబరు 21న నాలుగు కార్మికసంహితలు అమలులోనికి రాగా, 1966 నాటి చట్టము వానిలో లీనమయ్యెను. చట్టముల పేళ్లు మారినను ఒక్క సత్యము మారలేదు: హక్కు చట్టమున పుట్టును, రుజువు లెక్కలో నిలుచును. ఒకరి పేర పనితెచ్చి ఇంటిల్లిపాదియు చుట్టినచో, పుస్తకమున పేరు లేని కోడలికి భవిష్యనిధియు లేదు, సెలవును లేదు. ఇచ్చిన ఆకు, తీసికొన్న బీడీలు, త్రోసివేసినవి, చెల్లించిన కూలి — ఈ నాలుగును వ్రాసియుంచుట కార్మికురాలికి రక్ష. న్యాయముగా వర్తకము సాగించు యజమానికిని అదియే రక్ష. ఆ పుస్తకమును చదివి చెప్పగల తెలుగువారు ప్రతి వాడలోను ఉండుట అవసరము. మూడుతరములు శ్రమించి సాధించిన హక్కు ఆ తల్లుల చేతికందుటకు ఇంతకన్న దగ్గరి దారి లేదు.