స్ట్రట్స్ 2 ఇంటర్సెప్టర్లు - కాస్త చరిత్ర

స్ట్రట్స్ 2 ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "యాక్షన్‌కి ఓ లాగింగ్ ఇంటర్సెప్టర్ తగిలించానండీ, అంతే.. ఫారంలో నింపినవన్నీ నల్ వస్తున్నాయి, ఎందుకని?"

జవాబు చిన్నదే. యాక్షన్‌లో మీరు సొంతంగా ఒక్క ఇంటర్సెప్టర్ రాసినా, ప్యాకేజీ ద్వారా వచ్చే డిఫాల్ట్ స్టాక్ మొత్తం పోతుంది. ఫారం విలువల్ని యాక్షన్‌కి అందించే పారామ్స్ ఇంటర్సెప్టరూ దాంతోపాటే పోతుంది. డిఫాల్ట్ స్టాక్‌ని కూడా మళ్ళీ పేరు పెట్టి రాస్తే సరిపోతుంది.

ఇంతకీ ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? క్రెయిగ్ మెక్‌క్లానహాన్ రాసిన మొదటి స్ట్రట్స్ 2000లో అపాచీకి చేరింది. అందులో ఇంటర్సెప్టర్లు లేవు. రిక్వెస్ట్ నడిచే దారి మార్చాలంటే ఫ్రేంవర్క్ క్లాసునే ఎక్స్‌టెండ్ చెయ్యాలి. 2002లో రికార్డ్ ఓబెర్గ్ మొదలుపెట్టిన వెబ్‌వర్క్, తన రెండో వెర్షన్‌కొచ్చేసరికి ఆ దారిని ముక్కలు చేసింది. ఒక్కో పనికి ఒక్కో ఇంటర్సెప్టర్, కొన్ని కలిపితే ఒక స్టాక్, ఆ స్టాకుల్ని ఒకదాన్నుంచి ఒకటి వారసత్వంగా తీసుకునే ప్యాకేజీలు. 2005 చివర్లో వెబ్‌వర్క్, స్ట్రట్స్ కలిసిపోతున్నట్టు ప్రకటించారు. 2007లో స్ట్రట్స్ 2 విడుదలైంది. పేరు మాత్రమే స్ట్రట్స్‌ది, లోపలున్నది వెబ్‌వర్కే!

మన ప్యాకేజీ స్ట్రట్స్-డిఫాల్ట్‌ని ఎక్స్‌టెండ్ చేస్తే చాలు, పదిహేను పైచిలుకు ఇంటర్సెప్టర్లు అడక్కుండానే వచ్చేస్తాయి. సుఖంగానే ఉంటుంది, కానీ దాని ఖరీదు 2017లో తెలిసొచ్చింది. ఆ స్టాక్‌లో ఫైల్ అప్‌లోడ్ ఇంటర్సెప్టర్ కూడా ఉంటుంది. కంటెంట్-టైప్ హెడర్‌లో ఓజీఎన్ఎల్ ఎక్స్‌ప్రెషన్ పెట్టి పంపితే, ఎర్రర్ మెసేజ్ తయారుచేసే క్రమంలో సర్వర్ దాన్ని నడిపేసేది. అసలు ఫైల్ అప్‌లోడ్ పేజీయే లేని అప్లికేషన్లు కూడా దీనికి దొరికిపోయాయి. మార్చిలోనే అపాచీ ప్యాచ్ ఇచ్చింది. ఈక్విఫాక్స్ సంస్థ తన పోర్టల్లో అది వేసుకోలేదు. మే నెలలో దొంగలు దూరారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి.

తప్పంతా ప్యాచ్ వెయ్యని వాళ్ళదేనని చాలామంది అంటారు. అందులో అబద్ధమేం లేదు. కానీ మనకి అవసరం లేని కోడ్ ప్రతి రిక్వెస్టుకీ నడుస్తోందని ఎంతమందికి తెలుసు? ఫారం విలువలు నల్ వచ్చినప్పుడు తప్ప ఆ స్టాక్ గురించి ఎవరూ ఆలోచించరు. అందుకే నేను చెప్పేదొకటే.. స్ట్రట్స్-డిఫాల్ట్ ఎక్స్ఎంఎల్ ఫైలు తెరిచి ఒక్కసారి చదవండి. మీ ప్యాకేజీకి కావలసినవాటితోనే సొంత స్టాక్ రాసుకోండి. ఓ పూట పని, అంతే.