జూడాస్ ప్రీస్ట్ వారి ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’

ఇంగ్లండు దేశమున బర్మింగ్‌హామ్ నగర పరిసరములందు 1969లో జనించి, హెవీ మెటల్ అని లోకము వ్యవహరించు సంగీతశాఖకు నాదమును, వేషమును సమకూర్చిన బృందములలో అగ్రగణ్యమైన జూడాస్ ప్రీస్ట్, తన పందొమ్మిదవ స్టూడియో ఆల్బముగా 2024 మార్చి 8వ తేదీన వెలువరించిన కృతి ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’. అనగా అజేయమైన డాలు. ఎపిక్ రికార్డ్స్ సంస్థ ద్వారా ప్రకటితమైన యీ ఆల్బమునందు 11 పాటలు కలవు. విశేష ప్రతిలో మరి మూడు చేరి 14 అయినవి. ఆండీ స్నీప్ దీనికి నిర్మాత. ముఖచిత్రమును లిఖించినవాడు, ఈ బృందమునకే పూర్వము ‘రామ్ ఇట్ డౌన్’, ‘పెయిన్‌కిల్లర్’ ఆల్బముల ముఖచిత్రములను సమకూర్చిన మార్క్ విల్కిన్‌సన్.

ఈ ఆల్బము వెలువడునాటికి గాయకుడైన రాబ్ హాల్‌ఫర్డ్ వయస్సు 72 సంవత్సరములు. బేస్ గిటారు వాయించు ఇయాన్ హిల్‌కు 73. గిటారు విద్వాంసుడును, పాటల రచయితలలో నొకడును అయిన గ్లెన్ టిప్టన్‌కు 76. డ్రమ్ములు వాయించు స్కాట్ ట్రావిస్‌కు 62. అందరిలో చిన్నవాడైన గిటారిస్టు రిచీ ఫాక్నర్‌కు 44 ఏండ్లు. ఇతడు పుట్టిన 1980వ సంవత్సరముననే ఈ బృందము తనకు జగద్విఖ్యాతిని తెచ్చిన ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బమును ప్రకటించి యుండెను. తాను తొట్టెలో నున్నప్పుడు ఇతరులు నిర్మించిన పాటలను, నడివయస్సున వారి ప్రక్కనే నిలిచి వాయించుచు, వారికి కొత్త పాటలను కూర్చుటలో సమభాగియై యుండుట, రాక్ సంగీత చరిత్రమున అరుదుగా సంభవించు విషయము.

హెవీ మెటల్ ఎక్కడ పుట్టెనో తెలిసినగాని దాని స్వభావము బోధపడదు. బర్మింగ్‌హామ్‌కు పడమటి దిక్కున వ్యాపించిన బ్లాక్ కంట్రీ యను భూభాగము, పారిశ్రామిక విప్లవకాలమునుండి బొగ్గుగనులకును, ఇనుప కొలుములకును, పోత కర్మాగారములకును నిలయము. బర్మింగ్‌హామ్ నగరవాసియే యైన బ్లాక్ సబాత్ బృందపు గిటారిస్టు టోనీ అయోమి, 17 ఏండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో పనిచేయుచు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను యంత్రమునకు కోల్పోయి, ఆ నొప్పి తెలియకుండుటకై తీగెలను వదులుచేసి వాయించుటతో, ఆ మంద్రమైన గంభీరనాదము ఒక సంగీతశాఖకే లక్షణమైనది. హాల్‌ఫర్డ్ బాల్యము గడచిన వాల్సాల్ పట్టణమునందును బడికి పోవు దారిలోనే ఇనుప కర్మాగారములుండెడివి. వాటి పొగను పీల్చుచు, ఆ మోతను వినుచు పెరిగితినని అతడు పలుమార్లు చెప్పుకొనినాడు. ‘బ్రిటిష్ స్టీల్’ వెలువడిన 1980లో ఆ దేశపు ఉక్కు కార్మికులు జనవరి మొదలు ఏప్రిలు వరకు సమ్మె చేసియుండిరన్న సంగతిని జ్ఞాపకముంచుకొనినచో, ఆ పేరునందలి బిగువు స్పష్టమగును. ధ్వనులను కంప్యూటరులో కూర్చుకొను సౌకర్యము లేని యా దినములలో, ఒక పాటలో లోహమయులైన దేవతలు నడచివచ్చు సవ్వడి కొఱకు జూడాస్ ప్రీస్ట్ వారు చెంచాలు, కత్తులు గల పళ్లెములను కుదిపి రికార్డు చేసిరి. గాజు పగులు ధ్వనికై పాలసీసాలను పగులగొట్టిరి. అది జరిగిన భవనము పూర్వము జాన్ లెనన్ నివసించిన టిట్టెన్‌హర్‌స్ట్ పార్కు.

ఉక్కు మాట వచ్చినది గనుక తెలుగు పాఠకునకు ఒక విషయము స్ఫురింపక మానదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రము కొలుములలో మూసలయందు కరగించిన యుక్కును పారశీక వర్తకులు కొనిపోయిరి. పశ్చిమాసియాలో ప్రసిద్ధి కెక్కిన ఖడ్గములకు అట్టి దక్కను ఉక్కే మూలద్రవ్యము. ఆ కొలుముల చుట్టును మనవారు ఏ పాటలు పాడుకొనిరో చరిత్ర భద్రపరుపలేదు. బర్మింగ్‌హామ్ వారు మాత్రము కొలుములు మూతపడుచున్న కాలమున ఆ మోతను విద్యుద్గిటారులోనికి ఎక్కించి నిలుపుకొనిరి.

జూడాస్ ప్రీస్ట్ అను బృందము పేరు, బాబ్ డిలన్ 1967లో ప్రకటించిన ఆల్బమునందలి యొక పాట పేరునుండి గ్రహింపబడినది. 1970లో కె. కె. డౌనింగ్, ఇయాన్ హిల్ చేరిరి. 1973లో హాల్‌ఫర్డ్, 1974లో టిప్టన్ వచ్చిరి. అదే 1974లో తొలి ఆల్బము ‘రాకా రోలా’ వెలువడెను. రెండవదైన ‘శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’ (1976)తో గాని వారి శైలి కుదురుకొనలేదు. నల్లని తోలు దుస్తులు, లోహపు గుబ్బలు తొడుగుట 1978 ప్రాంతమున ఆరంభించి, తదాది ఆ శాఖకంతటికిని వేషనియమమును ఏర్పరచిరి. 1990లో నెవాడా రాష్ట్రపు రీనో నగరమున, ఇద్దరు యువకుల ఆత్మహత్యాయత్నమునకు వీరి రికార్డులో దాగిన ఆజ్ఞలే కారణమని వేసిన దావాను న్యాయమూర్తి త్రోసిపుచ్చెను. 1992లో హాల్‌ఫర్డ్ విడిపోయెను. తిరిగి 2003లో చేరెను. 2011లో డౌనింగ్ నిష్క్రమింపగా ఆ స్థానమున ఫాక్నర్ ప్రవేశించెను.

‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ కథకు అసలైన పూర్వరంగము 2018లో కలదు. ఆ ఫిబ్రవరిలో, ‘ఫైర్‌పవర్’ ఆల్బము వెలువడుటకు కొలది దినములు ముందు, తాను దశాబ్దకాలముగా పార్కిన్‌సన్ వ్యాధితో బాధపడుచున్నానని టిప్టన్ వెల్లడించెను. వ్రేళ్ల వేగమే విద్యయైనవానికి వ్రేళ్లు వశము తప్పుట యనునది ఎట్టి శిక్షయో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను అతడు బృందమును వీడలేదు. పాటలు కూర్చుటయందును, శక్తి యున్న దినములలో వేదికపై చివరి రెండు మూడు పాటలు వాయించుటయందును కొనసాగెను. యాత్రలలో అతని స్థానమున నిర్మాతయైన స్నీప్ గిటారు పట్టెను. 2022 జనవరిలో స్నీప్‌ను తప్పించి నలువురితోనే కచేరీలు చేయుదుమని బృందము ప్రకటింపగా, అభిమానులు గగ్గోలు పెట్టిరి; వారము తిరుగక మునుపే ఆ నిర్ణయము ఉపసంహృతమైనది. జూడాస్ ప్రీస్ట్ అనగా రెండు గిటార్లు ఒక్కటిగా మ్రోగుట యని శ్రోతలు బృందమునకే బోధించిన సందర్భమిది.

రెండవ ఆపద ఇంతకంటె ఘోరమైనది. 2021 సెప్టెంబరు 26వ తేదీన, అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రపు లూయిస్‌విల్ నగరమున జరిగిన యుత్సవములో ‘పెయిన్‌కిల్లర్’ పాటను వాయించుచుండగా ఫాక్నర్ బృహద్ధమని పగిలెను. పాటను ముగించియే అతడు వేదిక దిగెను. ఆసుపత్రి సమీపముననే యుండుటచేత, 10 గంటలకు మించి జరిగిన శస్త్రచికిత్సచేత ప్రాణము దక్కెను. తరువాతి కాలమున తనకు పక్షవాత లక్షణములు కూడ సంభవించెననియు, కుడిచేతి వాదనమునకు వాటివలన భంగము కలిగెననియు 2025లో అతడు బహిరంగముగా తెలిపెను. ఒక గిటారిస్టు వ్రేళ్లను వ్యాధి హరించుచుండగా, రెండవ గిటారిస్టు మృత్యుముఖమునుండి మరలివచ్చిన బృందము, ఆ స్థితిలో ఇంతటి గిటారు ప్రధానమైన ఆల్బమును సిద్ధముచేయుటను శ్రోత ఎఱిగి వినుట న్యాయము.

పాటల కూర్పు 2020 ఆరంభముననే మొదలైనను, కొవిడ్ మహమ్మారి, వాయిదాపడిన స్వర్ణోత్సవ యాత్ర, ఫాక్నర్ చికిత్స కారణముగా పని సాగిసాగి నాలుగేండ్లకు పూర్తియయ్యెను. 2023 అక్టోబరు 7వ తేదీన కాలిఫోర్నియాలో పవర్ ట్రిప్ ఉత్సవమున, అస్వస్థుడైన ఓజీ ఆస్బర్న్‌కు బదులుగా పాడవచ్చిన జూడాస్ ప్రీస్ట్, కచేరీ చివర తెరపై ఆల్బము పేరును ప్రదర్శించెను. ఆరు దినముల తరువాత ‘పానిక్ అటాక్’ అను మొదటి పాట బయటికి వచ్చెను.

ఆ పాటయే ఆల్బమునకు ద్వారము. 1986 నాటి ‘టర్బో’ను స్మరింపజేయు గిటారు సింథసైజరు నాదముతో మెల్లగా ఆరంభమై, క్షణములో డ్రమ్ముల వేగమునకు లంఘించి, అంతర్జాలము మనుష్యుని మనస్సున రేపు కలవరమును వస్తువుగా గొనును. పేరు పాటయైన ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’లో బృందమును, శ్రోతలను ఒకే డాలుగా భావించిన రచన కలదు, అయితే దాని ఘనత సాహిత్యమునందు కాదు, మధ్యభాగమున రెండు గిటార్లు ఒండొంటికి బదులిచ్చుకొనుచు, పిదప మూడవ స్వరపు అంతరముతో జంటగా పైకి సాగు ఘట్టమునందు కలదు. దేవాలయ సేవలో ఇరువురు నాదస్వర విద్వాంసులు ఒకరు విడిచిన చోట నొకరు అందుకొని, తుదకు కలిసి వాయించుటను వినినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’ నిదానమైన నడకలో సాగు శ్రావ్యగీతము. ఇందు హాల్‌ఫర్డ్ కేకలను పూర్తిగా విడిచి మధ్యమస్థాయిలో పాడెను. ‘ది సర్పెంట్ అండ్ ది కింగ్’లో మాత్రము తారస్థాయి స్వరము యౌవనపు వాడితోనే వెలువడినది. ‘ఎస్కేప్ ఫ్రమ్ రియాలిటీ’ బరువైన మందగతితో బ్లాక్ సబాత్ ఛాయలకు చేరువగును. ‘జయంట్స్ ఇన్ ది స్కై’ దివంగతులైన సహచరులకు, ముఖ్యముగా లెమ్మీ, రోనీ జేమ్స్ డియోలకు నివాళి. విశేష ప్రతిలోని ‘ది లాడ్జర్’ను రచించినవాడు, 1980లలో ఈ బృందమునకు రెండు పాటలనిచ్చిన బాబ్ హాలిగన్. మిగిలిన పదమూడు పాటలలోనున్న బిగువు దీనిలో కొంత సడలి, నాటకశైలి ప్రవేశించినది.

దోషములు లేవని కాదు. నడిమి పాటలలో ‘డెవిల్ ఇన్ డిస్‌గైజ్’ వంటివి పూర్వకృతుల అచ్చులో పోసినవే. సాహిత్యమున అగ్ని, సింహాసనము, నరకద్వారము వంటి చర్వితచర్వణములు విరివిగా కలవు. ‘కొత్త యేమున్నది?’ అని పాశ్చాత్య విమర్శకులు కొందరు అడుగు ప్రశ్నకు ‘ఏమియు లేదు’ అనియే సమాధానము చెప్పవలసియుండును. కాని ఆ ప్రశ్నయే సర్వత్ర వర్తింపదని కచేరీ సంప్రదాయమున పెరిగిన మనము ఎఱుగుదుము. త్యాగరాజ కృతిని డెబ్బదియేండ్ల విద్వాంసుడు పాడునపుడు, రాగము కొత్తదా యని యెవ్వరును విచారింపరు. శ్రుతి నిలిచినదా, గమకము పండినదా యనియే విందురు. యౌవనమే అర్హతగా చెలామణియైన రాక్ సంగీతమునకు ఇట్టి కొలబద్ద ఇంతవరకు లేకపోయినది. ఆ శాఖ తొలి తరమువారు వార్ధక్యమున ప్రవేశించిన యీ కాలమున దాని యవసరము ఏర్పడినది. ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ ఆ కొలబద్దకు నిలుచు కృతి.

బ్రిటన్ ఆల్బముల పట్టికలో ఇది 2వ స్థానమున నిలిచెను; ఐదు దశాబ్దముల ప్రస్థానమున అచ్చట ఈ బృందము చేరుకొనిన అత్యున్నత స్థానమిదియే. నాటిదనుక 1980లో ‘బ్రిటిష్ స్టీల్’ అందుకొనిన 4వ స్థానమే మేటి. అదే దినమున వెలువడిన అరియానా గ్రాండే ఆల్బము అగ్రస్థానమును కైకొనెను. ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’ 2025 గ్రామీ పురస్కారములలో మెటల్ విభాగమున పరిశీలనకు ఎంపికయ్యెను గాని, పురస్కారము పారిస్ ఒలింపిక్సు ప్రారంభోత్సవమున గొజీరా బృందము వినిపించిన గీతమునకు దక్కెను. యాత్ర 2024 మార్చి 11న గ్లాస్గోలో ఆరంభమైనది. తోడుగా సాక్సన్, యురాయా హీప్ అను మరి రెండు వృద్ధబృందములుండెను.

భారతదేశమున ఈ సంగీతమునకు రాజధాని బెంగుళూరు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా అచ్చటి ప్యాలెస్ గ్రౌండ్సులో కచేరీలు చేసిరి. ఆ కచేరీలకు రైళ్లలోను, బస్సులలోను హైదరాబాదునుండి తరలినవారికి కొదువ లేదు. బెంగుళూరుకు చెందిన క్రిప్టోస్ జూడాస్ ప్రీస్ట్ బాణీనే అనుసరించుచు, 2013లో జర్మనీ దేశపు వాకెన్ ఉత్సవమున వాయించినది. హైదరాబాదుతో అనుబంధము గల గాడ్‌లెస్ అను డెత్ మెటల్ బృందము 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమును వెలువరించెను. ఇంజనీరింగు కళాశాలల ఉత్సవములలో జరుగు రాక్ పోటీలే తెలుగు యువకులలో పెక్కుమందికి ఈ సంగీతమునందు ఉపనయనము. ఉద్యోగములందు కుదురుకొనిన పిదప వారు నివసించు గచ్చిబౌలి, కోకాపేట, నార్సింగి ప్రాంతములలో అది చెవిలోని హెడ్‌ఫోనుకు పరిమితమై గుట్టుగా బ్రదుకుచున్నది. గండిపేట దిగువ మూసీ యొడ్డునున్న నార్సింగిలో, బహుళాంతస్తుల భవనముల పునాదులకై అతిప్రాచీనమైన రాతి గుండ్లను తొలుచు యంత్రముల మోత ఎఱిగినవారికి, కర్మాగారపు రొదనుండి సంగీతము పుట్టుట ఎట్లో వివరింప పనిలేదు.

ఈ సంగీతమును కొత్తగా వినదలచినవారు ‘పానిక్ అటాక్’తో మొదలిడి బెదరిపోవుటకంటె, ముందుగా ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’ను, తరువాత పేరు పాటను విని, అటుపై ‘బ్రిటిష్ స్టీల్’నకు వెనుకకు వెళ్లి, మరల ఈ ఆల్బమును మొదటినుండి వినుట మేలు.