టామ్ విల్స్ ఆట

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకునేదాన్ని. ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో కూడా పట్టుకోవచ్చట. ఆ ఆటకు మొదటి నియమాలు రాసినవాళ్ళలో టామ్ విల్స్ ఒకడు.

ఆయన 1835లో పుట్టాడు. విక్టోరియా పల్లెల్లో ఆదివాసీ పిల్లలతో ఆడుకుంటూ వాళ్ళ భాష నేర్చుకున్నాడు, మనకి వీధిలో తమిళం వచ్చినట్టే. తర్వాత ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో చదివాడు. తిరిగొచ్చి, చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు మొద్దుబారకుండా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలని 1858 జూలైలో పత్రికకు ఉత్తరం రాశాడు. 1859 మే 17న మెల్‌బోర్న్‌లో కొందరు కూర్చుని పది నియమాలు రాశారు. మెల్‌బోర్న్‌కీ, జీలాంగ్‌కీ ఆయన చాలా ఏళ్ళు ఆడాడు.

1861లో తండ్రితో క్వీన్స్‌లాండ్ వెళ్ళాడు. అక్కడ ఆదివాసీల దాడిలో తండ్రితో సహా 19 మంది చనిపోయారు. అంతకుముందు తెల్లవాళ్ళు చేసిన హత్యలకు అది ప్రతీకారమని చరిత్రకారులు అంటారు. ఆ రోజు టామ్ అక్కడ లేడు కాబట్టి బతికాడు.

అయిదేళ్ళకి, 1866లో, అదే టామ్ విక్టోరియా ఆదివాసీల క్రికెట్ జట్టుకి ఆట నేర్పి కెప్టెన్ అయ్యాడు. ఇది చదివి పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. వాళ్ళు వేరే తెగవాళ్ళే, కానీ అప్పటి తెల్లవాళ్ళకి ఆదివాసీలంతా ఒక్కటే కదా! ఆ డిసెంబరులో వాళ్ళు మెల్‌బోర్న్ మైదానంలో ఆడారు. 1868లో ఆదివాసీ జట్టు ఇంగ్లండు వెళ్ళింది. టామ్‌ని మాత్రం తీసుకెళ్ళలేదు.

తర్వాత తాగుడు ఎక్కువైంది. 1880లో, 44 ఏళ్ళకే పోయాడు. సమాధికి రాయి కూడా లేదు. 1980లో గానీ పెట్టలేదు.